చవక 9 ఎంఎం కార్బైన్: తప్పు నాదా, తుపాకీదా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. గ్లాక్ 19 పిస్టల్ ఉంది, నెలకి రెండుసార్లు ఇండోర్ షూటింగ్ రేంజ్‌కి వెళ్తున్నారు. 500 డాలర్లకి అటూ ఇటూగా ఒక 9 ఎంఎం కార్బైన్ (పిస్టల్ తూటాలే వాడే, భుజానికి ఆనించి కాల్చే పొట్టి రైఫిల్) తీసుకుంటే ప్రాక్టీసుకి పనికొస్తుందా? అంత తక్కువలో వచ్చేదాన్ని నమ్మేముందు ఏం చూడాలి? సెకండ్‌హ్యాండ్‌ది కొనొచ్చా? దీనివల్ల పిస్టల్ షూటింగ్ కూడా మెరుగుపడుతుందా?

అమెరికాలో ఉంటున్నానని, గ్రీన్ కార్డు వచ్చిందని రాశారు కాబట్టి ఆ వైపు టెన్షన్ లేదు. ఇది చదివే మిగతావాళ్ల కోసం మాత్రం ఒక మాట. హెచ్-1బీ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. రేంజ్‌లో అద్దెకి తీసుకుని కాల్చినా అది 'దగ్గర ఉండటం' కిందికే వస్తుంది. "ఫ్రెండ్‌తో సరదాగా వెళ్ళాను, ఎవరూ ఏమీ అనలేదు" అనేవాళ్లు చాలామంది తగిలారు నాకు. ఎవరూ ఏమీ అనకపోవడం వేరు, చట్టం ఒప్పుకోవడం వేరు. లాయర్‌ని అడిగాకే రేంజ్ గడప తొక్కండి.

ఇక విషయానికి వద్దాం. కొనొచ్చు. ప్రాక్టీసుకి చవక కార్బైన్ చక్కగా సరిపోతుంది. కాకపోతే దాన్ని చూసే చూపు కాస్త మార్చుకోవాలి. షోరూములో అందరూ అడిగేది "ఎంత ఆక్యురేట్?" అని. నేర్చుకోవడానికి కొనే తుపాకీని అడగాల్సింది అది కాదు. గుండు పక్కకి పడినప్పుడు ఆ తప్పు నాదో తుపాకీదో అది నాకు తేల్చి చెప్పగలదా అని అడగాలి. ఎప్పుడూ ఒకేలా రెండంగుళాల గ్రూప్ (గుళ్ళన్నీ పడే చోటు వెడల్పు) ఇచ్చే చవక తుపాకీతో నేర్చుకోవచ్చు. ఒకరోజు అంగుళం, ఇంకోరోజు ఐదంగుళాలు ఇచ్చేది ఎంత ఖరీదైనదైనా దానితో ఏమీ నేర్చుకోలేం. ప్రతి తప్పుకీ మనకో సాకు చేతికిస్తుంది కాబట్టి.

పిస్టల్ తూటాని పొడవాటి తుపాకీలో వాడటం కొత్తేమీ కాదు. 1873లో వించెస్టర్ తన రైఫిల్‌ని .44-40 తూటాతో తెచ్చింది. కొన్నేళ్ళకే కోల్ట్ అదే తూటాకి రివాల్వర్ చేసింది. నడుముకి ఉన్నదానికీ భుజానికి ఉన్నదానికీ ఒకే తూటా. ఇప్పుడు మీరు ఆలోచిస్తున్న లెక్క కూడా అదే. పైగా రైఫిల్ తూటాలు ఒప్పుకోని ఇండోర్ రేంజ్‌లు చాలా 9 ఎంఎం కార్బైన్‌ని లోపలికి రానిస్తాయి. గుళ్ళని ఆపే వెనక గోడ, అదే బుల్లెట్ ట్రాప్, దాని మీద పడే దెబ్బ పిస్టల్ స్థాయిదే కాబట్టి.

ఈ ధరలో దొరికేవి దాదాపు అన్నీ బ్లోబ్యాక్ పద్ధతివే. అంటే తూటా పేలేటప్పుడు బోల్ట్‌ని (తూటాని వెనకనుంచి మూసి పట్టే లోహపు దిమ్మ) బ్యారెల్‌కి బిగించి పట్టుకునే తాళం ఏదీ ఉండదు. బోల్ట్ బరువు, దాని వెనకాల స్ప్రింగు, అంతే. గొళ్ళెం లేని తలుపుకి బరువైన రాయి అడ్డం పెట్టినట్టు. తోస్తే తెరుచుకుంటుంది, కానీ రాయి కదలడానికి టైము పడుతుంది. ఆ ఆలస్యంలోనే గుండు బ్యారెల్ దాటిపోతుంది, లోపలి ఒత్తిడి పడిపోతుంది. చవగ్గా తయారవడానికి కారణం ఈ సులువైన ఏర్పాటే. దీనికి మనం కట్టే మూల్యం కూడా అక్కడే ఉంది. బోల్ట్ బరువుగా ఉండాల్సిందే. అంత బరువు వెనక్కి వెళ్ళి కొట్టుకుంటుంది, మళ్ళీ ముందుకొచ్చి కొట్టుకుంటుంది. "9 ఎంఎం కదా, మెత్తగా ఉంటుంది" అనుకుని భుజానికి ఆనించినవాళ్లు మొదటి మ్యాగజైన్‌కే (తూటాలు నింపే డబ్బా) ఆశ్చర్యపోతారు. తన్ను పెద్దదేం కాదు గానీ ఒక రకమైన దడదడ ఉంటుంది. గ్యాస్‌తో నడిచే, 5.56 తూటా వాడే రైఫిల్ చాలామందికి ఇంతకంటే మెత్తగా అనిపిస్తుంది.

ఇంకో భ్రమ కూడా ఇక్కడే తీర్చేస్తాను. పొడవాటి బ్యారెల్ వల్ల 9 ఎంఎం రైఫిల్ అయిపోదు. సాధారణ 115 గ్రెయిన్ (గ్రెయిన్ అంటే గుండు బరువు కొలత) తూటాకి మీ గ్లాక్‌తో పోలిస్తే 16 అంగుళాల బ్యారెల్‌లో సెకనుకి వంద, నూటయాభై అడుగుల వేగం పెరుగుతుంది. 147 గ్రెయిన్ బరువువాటికి అది కూడా అంతంతమాత్రమే. ఆ 16 అంగుళాలు కూడా తూటా అడిగిన పొడవు కాదు, చట్టం అడిగిన పొడవు. భుజానికి ఆనించి కాల్చే రైఫిల్ బ్యారెల్ అంతకంటే పొట్టిగా ఉంటే అది 1934 నాటి నేషనల్ ఫైర్ ఆర్మ్స్ యాక్ట్ కిందికి వెళ్తుంది. ఆ రిజిస్ట్రేషన్ వ్యవహారం వేరే కథ.

మోడళ్ళ గురించి మరీ ఎక్కువ చెప్పను, ఎవరి ఇష్టం వాళ్ళది. హై-పాయింట్ 995 చూడ్డానికి ఎబ్బెట్టుగా ఉంటుంది, కంపెనీ మ్యాగజైన్‌లో పదే రౌండ్లు (తూటాలు), కానీ కొత్తవాటిలో బాగా చవకైనది అదే. కెల్-టెక్ సబ్-2000 మధ్యకి మడుచుకుంటుంది, బరువు నాలుగు పౌండ్ల చిల్లర. మొయ్యడానికి హాయి, కాల్చడానికి అంత హాయి కాదు. చెంప ఆనేది సన్నటి గొట్టం మీద, వంద రౌండ్లు దాటాక దవడ గుర్తుచేస్తుంది. రూగర్ పీసీ కార్బైన్ మీ బడ్జెట్ కంటే కాస్త పైనే. ఏడు పౌండ్లకి దగ్గరగా తూగుతుంది, బోల్ట్‌లో టంగ్‌స్టన్ బరువొకటి కదిలేలా పెట్టారు, దాంతో ఆ దడదడ కొంత అణుగుతుంది. మ్యాగజైన్ పెట్టే భాగం మార్చుకుంటే గ్లాక్‌వి కూడా పడతాయి. 2023లో వచ్చిన స్మిత్ అండ్ వెసన్ ఎఫ్‌పీసీ పక్కకి మడుచుకుంటుంది, అది వాడేది ఎం అండ్ పీ మ్యాగజైన్లు, మీకు కలవవు.

మీ దగ్గర గ్లాక్ 19 ఉంది కాబట్టి సబ్-2000 చూస్తే ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. అందులో గ్లాక్ 17 గ్రిప్‌ది వేరు, గ్లాక్ 19 గ్రిప్‌ది వేరు. మ్యాగజైన్ వెళ్ళేది పిడిలోకి. 19 గ్రిప్ ఉన్నదానిలో రెండు రకాల మ్యాగజైన్లూ పడతాయి, 17 గ్రిప్ ఉన్నదానిలో మీ 19 మ్యాగజైన్ పొట్టిగా ఉండి అందదు. పెట్టె మీద 'గ్లాక్' అని చూసి తెచ్చుకుని ఇంటికొచ్చాక తల పట్టుకున్నవాళ్ళని చూశాను. ఇంకోటి, మడత స్టాకు, కొసన స్క్రూ మర ఉన్న బ్యారెల్, పది రౌండ్లు దాటిన మ్యాగజైన్ లాంటివి కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ లాంటి రాష్ట్రాల్లో తంటా తెస్తాయి. మీ రాష్ట్రం రూల్సు ముందే చూసుకోండి.

షాపులో చేతికి తీసుకున్నప్పుడు మ్యాగజైన్ తీసి, బోల్ట్ లాగి, ఛాంబర్‌లోకి (తూటా కూర్చునే గది) కంటితోనూ చిటికెన వేలితోనూ చూడండి. అమ్మేవాడు మీ ముందే చూశాడు కదా అని మొహమాటపడకండి. తర్వాత బోల్ట్‌ని పదిసార్లు లాగండి. ఎక్కడైనా గీరుకున్నట్టుంటే, అది ప్రతిసారీ ఒకే చోటనా లేక చోటు మారుతోందా చూడండి. ఒకే చోట అయితే వాడకంతో అరిగి నునుపవుతుంది. చోటు మారుతుంటే నేనైతే కౌంటర్ మీద పెట్టేసి వచ్చేస్తాను. ఖాళీ మ్యాగజైన్ పెట్టి లాగితే బోల్ట్ వెనక్కి నిలబడుతుందా అన్నది కూడా చూడండి. సబ్-2000 లాంటి వాటిల్లో ఆఖరి రౌండ్ తర్వాత బోల్ట్ తెరుచుకుని ఆగదు. సరదాకి కాల్చేవాళ్ళకి ఇదో లెక్క కాదు. ట్రైనింగ్‌కి మాత్రం లెక్కే. తుపాకీ ఖాళీ అయిందని చేతికి తెలియాలి, అప్పుడే రీలోడ్ అలవాటు పడుతుంది. ట్రిగ్గర్ నొక్కితే 'టిక్' మని మాత్రమే వినిపించే తుపాకీలో అది ఖాళీ అయిందా, తూటా పేలలేదా అన్న అనుమానం ప్రతిసారీ మిగులుతుంది.

డబ్బు దగ్గరికొస్తే, మీ 500 మొత్తం తుపాకీకే పోయొద్దు. రెడ్ డాట్‌కి (గురికి ఎర్ర చుక్క చూపించే సైట్) కొంత, కనీసం మూడు మంచి మ్యాగజైన్లకి కొంత, పరీక్షకి ఓ ఐదొందల రౌండ్లకి కొంత తీసి పక్కన పెట్టి, మిగిలినదానితో తుపాకీ చూడండి. ఏడాది తిరిగేసరికి తూటాలకి పెట్టిన ఖర్చు ముందు తుపాకీ ధర చిన్నదైపోతుంది.

ఇప్పుడు పరీక్ష. మూడు విడతలుగా చేస్తాను నేను, మూడింటినీ ఒకే రోజు చెయ్యను. అలసిపోయిన భుజం అబద్ధాలు చెబుతుంది.

మొదటి రోజు ఆక్యురసీ జోలికే వెళ్ళకండి. మ్యాగజైన్ల అడుగున పెయింట్ మార్కర్‌తో 1, 2, 3 అని రాసుకోండి. జేబులో చిన్న నోట్‌బుక్. పది గజాల దూరంలో పెద్ద కాగితం. మామూలు 115 గ్రెయిన్ ఫుల్ మెటల్ జాకెట్ (గుండుకి లోహపు తొడుగు ఉన్న తూటాలు) యాభై, 124 గ్రెయిన్ యాభై, దొరికితే 147 ఓ ఇరవై. ఆగిన ప్రతిసారీ రాయండి: ఏ మ్యాగజైన్, ఎన్నో రౌండు, ఏ తూటా, ఎలా ఆగింది. 'జామ్ అయింది' అని రాస్తే ఉపయోగం లేదు. తూటా ముక్కు కిందికి వంగి ర్యాంప్‌కి (తూటా ఛాంబర్‌లోకి ఎక్కే ఏటవాలు దారి) గుచ్చుకుందా? ఖాళీ షెల్ (పేలాక మిగిలే తూటా గొట్టం) బయటికి పోకుండా పొగగొట్టంలా నిలబడిందా? ప్రైమర్ (తూటా అడుగున పిన్ను కొట్టి పేల్చే చిన్న బిళ్ళ) మీద పిన్ను గుర్తు లోతుగా ఉందా, గీత గీసినట్టుందా?

ఇలా రాస్తే రెండు పేజీల్లోనే కథ బయటపడుతుంది. ముక్కు గుచ్చుకున్నవన్నీ 3వ నంబరు మ్యాగజైన్‌వే అయితే తుపాకీని తిట్టకండి, ఆ మ్యాగజైన్ పెదవులు, అంటే తూటాని పట్టి ఉంచే పైఅంచులు, చూడండి. చవక కార్బైన్ల చెడ్డపేరులో పెద్ద వాటా చవక మ్యాగజైన్లదే అని నా అనుభవం. షెల్ నిలబడిపోవడం ఒక్క 147 గ్రెయిన్‌తోనే వస్తే ఆ తూటా ఈ స్ప్రింగుకి కుదరలేదు, మానెయ్యండి, అంతే. అన్ని మ్యాగజైన్లలో, అన్ని తూటాలతో, ఎడాపెడా వస్తుంటే అప్పుడు తుపాకీని అనుమానించండి. పిన్ను గుర్తు పదేపదే తేలిగ్గా పడుతుంటే, లేదా బోల్ట్ పూర్తిగా మూసుకోకుండానే ట్రిగ్గర్ పనిచేస్తున్నట్టుంటే అక్కడితో ఆపేసి గన్‌స్మిత్‌కి (తుపాకులు బాగుచేసే మెకానిక్) చూపించాలి. బ్లోబ్యాక్‌లో బోల్ట్ పూర్తిగా మూసుకోకముందే తూటా పేలితే షెల్ గోడ పగిలి మంట మీ మొహం వైపే వస్తుంది.

ఈ భాగంలో నేను ఎవరికైనా గట్టిగా చెప్పే సంగతి ఇంకొకటి ఉంది. 'క్లిక్' అని మాత్రమే వినిపిస్తే తుపాకీని టార్గెట్ వైపే ఉంచి ముప్పై సెకన్లు ఆగండి. ఆలస్యంగా పేలే తూటాలు అరుదే, కానీ ఉంటాయి. 'ధడ్' బదులు 'ఫుస్' అన్నట్టు వినిపించినా, తన్ను తేలిపోయినట్టు అనిపించినా అది ఇంకా ప్రమాదం. మందు సరిగ్గా లేని తూటా గుండుని 16 అంగుళాల బ్యారెల్ మధ్యలోనే వదిలేసి ఉండొచ్చు. పిస్టల్ బ్యారెల్ కంటే ఇందులో ఇరుక్కోవడానికి చోటెక్కువ. దాని వెనకే ఇంకోటి పేలిస్తే బ్యారెల్ ఉబ్బిపోతుంది, ఖర్మ కాలితే చీలిపోతుంది. మ్యాగజైన్ తీసి, ఛాంబర్ ఖాళీ చేసి, బ్యారెల్‌లోంచి వెలుతురు కనిపిస్తేనే తర్వాతి రౌండు. పక్క లేన్‌లో ఎవరో ధనాధన్ కాలుస్తుంటే ఈ తేడా చెవికి ఆనదు, అందుకే మొదటి రోజు రద్దీ లేని వేళ వెళ్ళమంటాను.

"రెండు మ్యాగజైన్లు కాల్చాను, ఒక్కసారీ ఆగలేదు, సూపర్ తుపాకీ" అనే రివ్యూలు మీరు చాలా చదివే ఉంటారు. ముప్పై రౌండ్లు ఏమీ చెప్పవు. లెక్కల్లో ఒక సులువైన సూత్రం ఉంది. ఎన్ని రౌండ్లు ఒక్క ఆటంకం లేకుండా వెళ్ళాయో ఆ సంఖ్యతో 3ని భాగించండి. 300 రౌండ్లు సాఫీగా వెళ్తే, ఆగే రేటు నూటికి ఒకటి కంటే తక్కువే అని 95 శాతం నమ్మకంతో చెప్పొచ్చు. ముప్పై మాత్రమే వెళ్తే ఆ నమ్మకంతో చెప్పగలిగేది 'పదికి ఒకటి కంటే తక్కువ' అని మాత్రమే. పదికోసారి ఆగే తుపాకీ ఎవరికి కావాలి? అందుకే ఐదొందలు పక్కన పెట్టమన్నాను. మొదటి వందా నూటయాభైలో వచ్చే చిన్నాచితకా ఆటంకాలని నేను లెక్కలోంచి తీసేస్తాను, కొత్త లోహం ఒకదానితో ఒకటి సర్దుకోవాలి కదా. ఆ తర్వాతవి మాత్రం వదలను.

రెండో రోజు బెంచి మీద. తుపాకీని బ్యాగ్ మీద ఆనించి 25 గజాల్లో జీరో చేసుకోండి, అంటే డాట్ పెట్టిన చోటే గుండు పడేలా సైట్‌ని సర్దుకోండి. ఆ తర్వాత పదేసి రౌండ్ల గ్రూపులు మూడు కాల్చండి. మూడేసి రౌండ్ల గ్రూపు తీసి ఫోటో పెట్టడం మనల్ని మనం మోసం చేసుకోవడమే. మూడు గుళ్ళు అదృష్టం కొద్దీ ఒకే చోట పడతాయి, పది పడవు. 25 గజాల్లో పది రౌండ్లు రెండు, రెండున్నర అంగుళాల్లో పడితే ట్రైనింగ్‌కి ఇంకేం కావాలి? నేను చూసేది గ్రూపు సైజు కంటే దాని మధ్యబిందువు. మూడు కాగితాల్లోనూ మధ్యబిందువు అక్కడే ఉందా? తుపాకీ వేడెక్కాక కూడా కదలకుండా ఉందా?

ఈ మధ్యబిందువు పిచ్చి నాకు ఎక్కడ పట్టిందో చెబుతాను. నా మొదటి కార్బైన్ ఈ తరగతిదే, పేరు అనవసరం. బాగానే కాల్చేది, కానీ ప్రతి సెషన్ చివర్లో గుళ్ళు ఎడమకి జరిగేవి. ట్రిగ్గర్ లాగేటప్పుడు వేలితో తోస్తున్నానేమో అనుకున్నాను. వేలు ఆనించే చోటు మార్చాను, పట్టు మార్చాను, ఇంట్లో ఖాళీ తుపాకీతో రోజూ అరగంట ప్రాక్టీసు చేశాను. రెండు నెలలు. ఒకరోజు రేంజ్‌లో, కాల్చడం అయ్యాక డాట్ ఆఫ్ చేద్దామని బొటనవేలితో నొక్కితే సైట్ మొత్తం 'టిక్' మని వెంట్రుకవాసి కదిలింది. సైట్‌ని పట్టుకునే మౌంట్ స్క్రూలు కాదు. అవి బిగువుగానే ఉన్నాయి. తుపాకీకి పైన రైలు పట్టీని పట్టుకున్న రెండు చిన్న స్క్రూలు ఫ్యాక్టరీలోనే సరిగ్గా బిగించలేదు. వేడెక్కేకొద్దీ, ఆ దడదడకి కొద్దికొద్దిగా వదులయ్యేవి. మళ్ళీ ఇంటికొచ్చేసరికి చల్లబడి ఏమీ ఎరగనట్టు ఉండేది. రెండు నెలలపాటు లేని తప్పుని దిద్దుకుంటూ, ఆ దిద్దుబాటుతో ఓ కొత్త తప్పు నేర్చుకున్నాను. అది వదిలించుకోవడానికి ఇంకో నెల పట్టింది.

కాబట్టి కొన్న రోజే, జీరో చేయకముందే, రైలు స్క్రూలూ మౌంట్ స్క్రూలూ అన్నీ విప్పి, నూనె తుడిచి, నీలిరంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) చుక్క వేసి, మాన్యువల్‌లో చెప్పినంత టార్క్‌తో బిగించండి. ఆపైన స్క్రూ తల మీంచి పక్కనున్న లోహం మీదికి పెయింట్‌తో ఒక సన్న గీత గీయండి. స్క్రూ తిరిగితే గీత విరుగుతుంది, ఒక్క చూపుతో తెలుస్తుంది. బ్లోబ్యాక్ కార్బైన్ మీద ఇది చెయ్యకపోతే మిగతా పరీక్షలన్నీ వృథా.

జీరో గురించి ఇంకొంచెం. కార్బైన్‌లో డాట్ బ్యారెల్ కంటే రెండంగుళాలు, కొన్నింటిలో రెండున్నర పైన కూర్చుంటుంది. పిస్టల్ అలవాటున్నవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు. 25 గజాల్లో సరిగ్గా పెట్టుకున్న డాట్‌తో ఏడు గజాల్లో కాలిస్తే గుండు ఒకటిన్నర అంగుళం కిందే పడుతుంది. అది తుపాకీ తప్పూ కాదు, మీ తప్పూ కాదు, చూపు గీత ఇంకా గుండు దారిని కలుసుకోలేదు, అంతే. దగ్గర్లో చిన్న బిళ్ళని కొట్టాలంటే డాట్‌ని దాని పైఅంచు మీద పెట్టాలి. 9 ఎంఎం మంచితనం ఏమిటంటే 25కి జీరో చేస్తే 50 గజాల్లో కూడా దాదాపు అక్కడే పడుతుంది, తేడా అర అంగుళం లోపే. అవుట్‌డోర్‌లో వంద గజాలకి వెళ్తే మాత్రం ఓ ఐదంగుళాల దాకా కిందికి జారుతుంది. ఇవి సాధారణ 115 గ్రెయిన్‌కి లెక్కలు. మీ సైట్ ఎత్తుని బట్టి కొంచెం మారతాయి, కాగితం మీద చూసి మీ నోట్‌బుక్‌లో రాసుకోండి.

మూడో రోజు అసలు ప్రాక్టీసు. రేంజ్ ఒప్పుకుంటే టైమర్ పెట్టుకుని, తుపాకీ కిందికి దించిన స్థితి నుంచి ఎత్తి ఒక్క రౌండు. తర్వాత జతలు. జతలో రెండో గుండు ఎక్కడ పడుతోందో చూడండి. మెల్లగా కాల్చినప్పుడు పక్కపక్కనే పడి, వేగంగా కాల్చినప్పుడు రెండోది ఎప్పుడూ ఒకే వైపుకి పోతుంటే అది మీ పట్టు, మీ నిలబడే తీరు. అది దిద్దుకోదగ్గ తప్పు. చక్కగా నిలబడి మెల్లగా కాల్చినా చెల్లాచెదురైతే రెండో రోజు కాగితాలు తీసి పక్కన పెట్టండి. బెంచి మీద చక్కగా పడింది, చేతుల్లో పడట్లేదు అంటే జవాబు మీకు తెలిసిపోయినట్టే. ముందు రెండు రోజుల పని ఇదిగో ఇందుకే.

ట్రిగ్గర్ గురించి అందరూ గగ్గోలు పెడతారు. ఈ ధరలో ట్రిగ్గర్ బరువుగా, కాస్త ఇసుక కలిసినట్టు ఉండటం మామూలే. బరువు నన్ను బాధపెట్టదు. ప్రతిసారీ ఒకే చోట విడిపోతే చాలు. కొనగానే వేరే ట్రిగ్గర్ వేయించాలని తొందరపడకండి, ముందు వెయ్యి రౌండ్లు కాల్చండి. చాలామందికి అప్పటికి ఆ కోరిక పోతుంది.

పిస్టల్ మెరుగుపడుతుందా అంటే, సగం సగం. టార్గెట్ నుంచి టార్గెట్‌కి చూపు ముందు వెళ్ళడం, డాట్‌ని పట్టుకోకుండా టార్గెట్‌నే చూడటం, కదులుతూ కాల్చడం, ట్రిగ్గర్‌ని పూర్తిగా వదలకుండా మళ్ళీ నొక్కడం, ఇవన్నీ పిస్టల్‌కి వెళ్తాయి. పట్టు వెళ్ళదు. భుజం ఆసరా ఉన్నంతసేపూ మణికట్టు చేసే తప్పులు దాక్కుంటాయి. ముఖ్యంగా పేలుడుకి ముందే ఉలిక్కిపడి తుపాకీని కిందికి తోసే అలవాటు. కార్బైన్‌లో అది కనిపించదు, పిస్టల్ చేతికి తీసుకోగానే తిరిగొస్తుంది. అందుకని మ్యాగజైన్లు నింపేటప్పుడు మధ్యమధ్యలో ఒకటి రెండు డమ్మీ తూటాలు కలపమని పక్కవాళ్ళకి ఇవ్వండి. డమ్మీ వచ్చినప్పుడు డాట్ కిందికి దిగిందంటే దొంగ దొరికినట్టే. నేను ప్రతి సెషన్‌లోనూ చివరి ముప్పై రౌండ్లు పిస్టల్‌తోనే కాలుస్తాను. ముందుముందు మ్యాచ్‌ల మీద మనసు పడితే యూఎస్‌పీఎస్‌ఏ, స్టీల్ ఛాలెంజ్ అనే షూటింగ్ పోటీల్లో ఈ కార్బైన్లకి ప్రత్యేక డివిజన్ ఉంది. ఛాంబర్ ఫ్లాగ్ (ఛాంబర్ ఖాళీ అని చూపించే రంగు ప్లాస్టిక్ ముక్క) తప్పనిసరి, ఇప్పుడే ఒకటి కొని పెట్టుకోండి.

ఇనుప టార్గెట్ల మీద కాల్చే అవకాశం ఉంటే పది గజాల కంటే దగ్గరికి వెళ్ళకండి, గుంటలు పడిన ప్లేటు మీద అసలే వద్దు. గుంటలోంచి గుండు ముక్కలు ఎటు తిరిగొస్తాయో చెప్పలేం. ఇండోర్ రేంజ్‌లో చెవులకి ప్లగ్గులూ మఫ్‌లూ రెండూ పెట్టుకోండి. పెట్టెలోని తూటా గుండుకి ఓసారి అయస్కాంతం తగిలించి చూసుకోవడం కూడా మంచిది. గుండుకి అంటుకుంటే చాలా ఇండోర్ రేంజ్‌లు రానివ్వవు, గేటు దగ్గర తిరగ్గొట్టించుకోవడం ఎందుకు.

బ్లోబ్యాక్ తుపాకీ ఛాంబర్‌ని త్వరగా తెరుస్తుంది కాబట్టి మసి చాలావరకు లోపలికే వస్తుంది. ఎడమచేతివాళ్ళకి మొహం మీదికి కూడా. మసిలో సీసం ఉంటుంది. రేంజ్ నుంచి రాగానే సబ్బూ చల్లనీళ్ళతో చేతులూ మొహం కడుక్కుని, ఆ తర్వాతే ఏదైనా నోట్లో పెట్టుకోండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ చొక్కా విడిగా ఉతకండి.

సెకండ్‌హ్యాండ్ మాటకొస్తే, ఈ తరగతిలో పాతది కొనడానికి నేను జంకను, కానీ రెండు చోట్ల మాత్రం టార్చ్ వేసి చూస్తాను. ఒకటి బ్యారెల్ లోపల. వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూస్తే గీతల మధ్య ఎక్కడైనా ఉంగరంలా నల్లటి నీడ కనిపిస్తే ఇందాక చెప్పిన ఇరుక్కున్న గుండు కథ అక్కడ జరిగిందన్నమాట. ధర సగానికి తగ్గించినా వద్దు. రెండోది బోల్ట్ వెనక్కి వెళ్ళి తగిలే చోటు. అక్కడ మెరుపు మామూలే. లోహం నలిగి పక్కకి పొంగి ఉంటే గానీ, వెనకుండే బఫర్ (దెబ్బని మెత్తబరిచే దిండు) చిట్లి ఉంటే గానీ స్ప్రింగు ఎప్పుడో అలిసిపోయినా మార్చకుండా కాల్చారని అర్థం. మిగతా గీతలు, పెయింటు పోవడం ఏమీ కాదు, అవి చూపించి బేరం ఆడండి.

ఇంకా కొనలేదు కాబట్టి ఒక పని చెయ్యండి. మీ రేంజ్‌లో అద్దెకిచ్చే కార్బైన్లలో మీరు చూస్తున్న మోడల్ ఉందేమో అడగండి. ఉంటే మీ గ్లాక్ మ్యాగజైన్లే మూడు తీసుకెళ్ళండి, మొదటి రోజు పరీక్షంతా దానిమీదే చెయ్యండి. అద్దె తుపాకీ అంటే రోజూ పదిమంది చేతుల్లో, శుభ్రం చేసేవాళ్ళు లేక నల్లగా మారి ఉంటుంది. మీ మ్యాగజైన్లతో, ఆ మసిలో కూడా అది ఆ నూట ఇరవై రౌండ్లూ నడిచిందంటే కొత్తది తీసుకోవడానికి నాకైతే సందేహం లేదు. నడవకపోతే ఎక్కడ ఆగిందో, ఏ నంబరు మ్యాగజైన్‌తో ఆగిందో ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.